గాలి తాకింది

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో తయారయ్యే హెడీ టాపర్ అనే బీరు డబ్బా మీద ఒక ఆజ్ఞ అచ్చేసి ఉంటుంది: డబ్బాతోనే తాగండి, అని. గ్లాసులో వంపితే వాసన గాలికి పోతుందని తయారుచేసినాయన వాదన. వాటర్‌బరీ అనే ఊళ్లో జాన్ కిమ్మిక్, ఆయన భార్య జెన్ 2003లో పెట్టిన ఆల్కెమిస్ట్ పబ్బులో పుట్టిందది. వడకట్టరు కాబట్టి మసకగా ఉంటుంది. ఆల్కహాలు 8 శాతం. 2011 ఆగస్టులో ఐరీన్ తుఫాను వరద ఆ పబ్బును ముంచేసింది. అదృష్టం కొద్దీ డబ్బాలు నింపే కార్ఖానా అప్పటికే వేరేచోట సిద్ధమవుతోంది. ఆ తర్వాత ఆ డబ్బాల కోసం జనం పక్క రాష్ట్రాల నుంచి కార్లేసుకొచ్చి లైన్లు కట్టారు. ఇవాళ హేజీ డబుల్ ఐపీఏ పేరుతో ఊరూరా అమ్ముతున్న మసక బీర్లన్నీ ఈ వంశానివే. 2018లో అమెరికా బ్రూవర్ల సంఘం వీటికి విడిగా ఒక తరగతి ఇచ్చింది. అంతకుముందైతే బీరు పోటీల్లో పాతకాలపు జడ్జీలు ఆ మసకను చూసి మార్కులు కోసేవాళ్లు.

ఈ చరిత్రంతా నాకు ఎక్కించింది బోస్టన్ శివార్లలో ఉండే మిత్రుడు. పగలు సాఫ్ట్‌వేరు, రాత్రి బీరు. భువనగిరి దగ్గర పల్లెటూరు నుంచి వెళ్లి, మంచి ఉద్యోగం, పెద్ద ఇల్లు, ఆ ఇంటి కింద బేస్‌మెంటు, ఆ బేస్‌మెంటులో సొంత బట్టీ దాకా ఎదిగినవాడు. అక్కడ ఇంట్లో బీరు కాచుకోవడానికి 1978 నాటి చట్టమే ఒప్పుకుంటుంది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా. మన దగ్గరైతే ఎక్సైజ్ వాళ్లు తలుపు తట్టేవాళ్లు. మావాడు కాచడంతో ఆగలేదు. పరీక్ష రాసి బీరు జడ్జి కూడా అయ్యాడు. నేను వెళ్లిన శనివారం నాడే అతని క్లబ్బు మిత్రులు కొందరు అతను కాచిన హేజీ రుచి చూడ్డానికి వస్తున్నారు.

వచ్చినవాళ్లందరి చేతిలో మావాడు తలా ఒక కాగితం పెట్టాడు. మొత్తం 50 మార్కులు. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో తగిలే నిండుదనానికి 5, మొత్తమ్మీద అభిప్రాయానికి 10. మసక మసక అని ఇంత గోల చేసిన బీరుకు, ఆ మసకకు దక్కేది రూపానికిచ్చే ఆ 3 మార్కుల్లో వాటా అన్నమాట.

"ముందు ముక్కు, తర్వాతే నోరు, అన్నా" అంటూ గ్లాసు కొద్దిగా తిప్పి, చిన్న చిన్నగా రెండుసార్లు పీల్చి కళ్లు మూసుకున్నాడు. సిట్రా, మొజాయిక్ అనే రెండు రకాల హాప్స్ వేశాడట. బాగా మాగిన మామిడి, జామ, నారింజ తొక్క వరుసగా వస్తాయన్నాడు. నిజంగానే వచ్చాయి, ఆ వరుసలో కాకపోయినా. హాప్ పువ్వును మరుగుతున్నప్పుడు వేస్తే చేదు దిగుతుంది, పులిసేటప్పుడో పులిశాకో చల్లటి బీరులో వేస్తే వాసన దిగుతుంది. ఈ రకానికి ఎక్కువ భాగం ఆ రెండోసారే వేస్తారు. అందుకే డబుల్ అన్న పేరుకు భయపడినంత చేదు ఉండదు. ఓట్స్, గోధుమ కలపడం వల్ల నాలుక మీద మెత్తగా జారుతుంది. ఆ ధాన్యంలోని ప్రొటీన్లూ హాప్స్‌లోని పాలీఫినాల్సూ ముడిపడి అడుక్కి దిగకుండా తేలుతూ ఉండటమే మసక.

"దీనికి ఒక్కటే శత్రువు, ఆక్సిజన్" అన్నాడు, గొంతు తగ్గించి, ఎవరో వింటున్నట్టు. ఆ శత్రువు గురించి చాలాసేపే చెప్పాడు. డబ్బాలో కాస్త గాలి మిగిలినా, పైగా వెచ్చటి చోట ఉంచినా, పసుపు రంగు చచ్చి మట్టిరంగులోకి దిగుతుందట. ముందు మామిడి పోతుంది, తర్వాత ఏదో వెగటు తీపి, చివరికి తడిసిన అట్టపెట్టె వాసన. కాబట్టి తేదీ చూడకుండా హేజీ కొనేవాణ్ని క్లబ్బులో మనిషిగా లెక్కెయ్యరు.

మాటల మధ్యలో నా చూపు బారు వెనక గోడ మీద పడింది. ఒక అద్దాల పెట్టె, లోపల చిన్న లైటు. అందులో తాటిచెట్టెక్కే మోకు, నడుముకు కట్టుకునే ముస్తాదు, కాళ్లకు వేసుకునే గుజి, వంకర గీత కత్తి. మోకు ఒకచోట నున్నగా, నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తోంది. ఏళ్ల తరబడి ఒకే నడుము ఆనితే తప్ప అంత నునుపు రాదు.

"ఎక్కడ పట్టావు ఇది?" అన్నాను.

"పోయినసారి ఇండియా వెళ్లినప్పుడు పాత సామాన్ల దుకాణంలో. ఎవరో ముసలాయన అమ్ముకున్నట్టున్నాడు పాపం. మన రూట్స్ కదా, బారుకు ఒక లుక్ వస్తుందని తెచ్చా."

అమెరికన్లు ఆ పెట్టె ముందు నిలబడి ఫొటోలు తీసుకున్నారు.

మావాడి తండ్రి కూడా ఆ గదిలోనే ఉన్నాడు. ఆరు నెలలు ఉండిపోదామని వచ్చాడు. మూల సోఫాలో మంకీ క్యాప్ పెట్టుకుని చాయ్ ఊదుకుంటున్నాడు. "మా నాయిన. ఊళ్లో వ్యవసాయం. మందు వాసన కూడా పడదు" అని వచ్చిన ప్రతివాళ్లకూ పరిచయం చేశాడు మావాడు. ఇంగ్లిషులో అయితే ఇంకా చిన్నగా, "ఫార్మర్" అని. పెద్దాయన ప్రతిసారీ లేచి దండం పెట్టాడు.

వచ్చినవాళ్లలో ఒక రిటైరైన కెమిస్ట్రీ టీచరున్నాడు, క్లబ్బులో అందరికన్నా పాత జడ్జి. మాటలు చాలు, పరీక్ష పెడదాం అన్నాడు ఆయన. మూడు గ్లాసులు. రెండింట్లో ఒకటే బీరు, మూడోదాంట్లో వేరేది. ఆ వేరేదాన్ని పట్టుకోవాలి. బీరు మాత్రం ముగ్గురు అన్నదమ్ములదీ ఒకే కాన్పు: మావాడు కాచిన ఒకే బట్టీ. కొన్ని డబ్బాలు ఫ్రిజ్జులో ఉన్నాయి, కొన్ని ఎండాకాలమంతా గ్యారేజీలో పడున్నాయి. వాటిని కూడా పొద్దుటి నుంచి ఫ్రిజ్జులో పెట్టి, చల్లదనంలో తేడా లేకుండా చేశారు. గాజు గ్లాసులైతే రంగు పట్టిచ్చేస్తుంది. మావాడి భార్య వంటింట్లోంచి స్టీలు గ్లాసులు తెచ్చిచ్చింది. అందులో హేజీ అయినా హైదరాబాద్ మంచినీళ్లయినా ఒకటే.

మావాడు మూడూ పీల్చి, మూడూ చప్పరించి, నిమ్మగడ్డి, అనాస, దేవదారు బంక అని ఒక పేరా రాసి, మొదటి గ్లాసు మీద వేలు పెట్టాడు. తప్పు. మిగతావాళ్లు తలో రకంగా రాశారు. టీచరు నవ్వుకుంటూ గదంతా చూసి, సోఫా దగ్గర ఆగాడు. ఆయన కూడా చూడొచ్చు కదా అన్నాడు.

"నో నో, ఆయనకు అలవాటు లేదు" అని మావాడు అడ్డం పడ్డాడు.

పెద్దాయన అప్పటికే లేచాడు. స్వెట్టరు చేతులు పైకి లాక్కున్నాడు. ముంజేతుల లోపలి వైపు నల్లగా కాయలు కాసి ఉన్నాయి. తాగలేదు. ఒక్కో గ్లాసునూ గడ్డం దాకా తెచ్చి, ఊపిరి పీల్చినట్టు కూడా కనపడకుండా, పక్కన పెట్టాడు. మూడోదాన్ని మాత్రం చేత్తో దూరంగా తోశాడు.

"ఇది పోయింది బిడ్డా. గాలి తాకింది."

పెద్దాయన తోసింది సరైన గ్లాసే అని టీచరు చూశాడు. కానీ లెక్కల మనిషి. మూడింట్లో ఒకటి, గుడ్డిగా చెప్పినా తగలొచ్చు అన్నాడు. పెద్దాయన్ని అటు తిరగమని గ్లాసులు మార్చి మళ్లీ పోశాడు. మళ్లీ అదే. ఇంకోసారి. ఈసారి పెద్దాయన మూడో గ్లాసు దాకా వెళ్లనే లేదు, రెండోదాని దగ్గరే ఆగి తోసేశాడు. మూడుసార్లు వరసగా గుడ్డిగా తగలాలంటే 27లో ఒక వంతు. టీచరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎండల బెట్టిండ్రు. గదొక్కటే గాదు, మూతెయ్యంగనే లోపల గాలి నిలిచింది" అన్నాడు పెద్దాయన, తప్పు చేసినవాణ్ని కాపాడుతున్నట్టు నెమ్మదిగా. మావాడు అది ఇంగ్లిషులో చెప్పక తప్పలేదు. టీచరు బల్ల మీద చరిచాడు. డబ్బా పైభాగంలో గాలి ఉండిపోయిందని తను నెల నుంచీ మొత్తుకుంటున్నాడట, మావాడు ఒప్పుకోవట్లేదట.

ఇక ఆయన వదల్లేదు. ఈ ముక్కు ఎక్కడిది, మీ నాన్న ఏ బ్రూవరీలో పనిచేశాడు, ఎన్నేళ్లు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు అని వరసపెట్టి అడిగాడు. అందరూ చుట్టూ మూగారు. మావాడి చెవులు ఎర్రబడ్డాయి.

"అబ్బే, బ్రూవరీ ఏమీ లేదు. ఫార్మర్. జీవితమంతా ఫార్మరే" అన్నాడు.

ఆ ఒక్క ఇంగ్లిషు మాట ఆ ఇంట్లో వినీ వినీ పెద్దాయనకు బాగానే తెలుసు. స్టీలు గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, నా వైపు తిరిగాడు. మొహంలో కోపం లేదు.

"నిజమే బిడ్డా, ఎవుసమే. అగో, గా అద్దాల పెట్టెల బెట్టిండు సూడు, అదే నా నాగలి."