వాయిదా సంజీవని

మూలం: కేసు పిలవబడినది. ప్రతివాది తరఫున గడువు కోరిరి. ఆఖరి అవకాశముగా వాయిదా వేయడమైనది.

మా పొలంగట్టు దావాలో ఈ వాక్యం 11వ సారి విన్నాక, ఇంతటి ప్రౌఢ రచనకు వ్యాఖ్య లేకపోవడం మన పండితుల లోపమే అనిపించింది. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. కోర్టు వరండాలో పొద్దుపుచ్చే అవసరం ఆయనకు రాలేదు. నాకు వచ్చింది కనుక ఆ నియమం పాటించను.

టీక: ‘పిలవబడినది’ సులభం, వదిలేస్తున్నాను. ‘గడువు’ కూడా అంతే.

‘వాయిదా’ది అరబ్బీ పుట్టుక. ఉర్దూలో ‘వాదా’ అంటే ఇచ్చిన మాట. గుజరాతీ వర్తకుడికి ‘వాయిదా’ ఫలానా రోజుకు సరుకు అప్పగిస్తానన్న బేరం. మన ఊళ్లో సైకిలు వాయిదాల మీద కొన్నవాడికి అది డబ్బు కట్టి తీరాల్సిన రోజు. తప్పితే సైకిలు పోతుంది. కోర్టులో తప్పితే ఇంకో వాయిదా వస్తుంది. ఇంగ్లీషు ‘అడ్జర్న్’ పాత ఫ్రెంచి నుంచి దిగింది. ‘ఒక దినానికి’ అని దాని కడుపులో అర్థం. రెండిట్లోనూ దినం ఉంది, దాటవేత లేదు. అలాంటప్పుడు ‘నిరవధిక వాయిదా’ అంటే అవధి లేని అవధి. ఇంగ్లీషువాళ్లు లాటిన్ ‘సైనీ డై’ తగిలించి దినం లేని దినానికి పంపారు. విరోధాభాసానికి ఇంతకంటే చక్కని లక్ష్యం నాకు ఏ లక్షణగ్రంథంలోనూ దొరకలేదు.

ఉర్దూ కచేరీలో కేసు ‘ముల్తవీ’ అవుతుంది. ‘వాదా’ను వాళ్లు గజల్లో ప్రియురాలికి విడిచిపెట్టారు, ఆమె వస్తానంటుంది, రాదు. ఇక్కడ మన అష్టవిధ నాయికలను తలచుకోక తప్పదు. తెల్లవారుజామున 4.30 బస్సుకు కాగితాల సంచి సర్దుకునే వాది వాసకసజ్జిక. 11 గంటలకు మెట్లమీద వకీలు కోసం మెడ చాచేవేళ విరహోత్కంఠిత. సంకేతస్థలానికి వచ్చి మోసపోయిన విప్రలబ్ధ సాయంత్రం నాలుగింటికి. వకీలుగారు ఇంకొకరి ఫైలు చంకన పెట్టుకుని పక్క కోర్టు హాల్లోంచి వస్తుంటే కళ్లారా చూసినప్పుడు ఖండిత. ఆయన్ని నాలుగు మాటలని, వకాల్తా మార్చేస్తానని బెదిరించి, బస్సెక్కాక నాలుక కరుచుకుంటే కలహాంతరిత. స్వాధీనపతికకు మాత్రం ఉదాహరణ దొరకలేదు. ప్రతివాది అయి ఉంటాడు.

ఎక్కడున్నాం? ‘ఆఖరి అవకాశముగా’. విచారణ నడిచేటప్పుడు ఒక పక్షానికి మూడుకు మించి వాయిదాలు ఇవ్వరాదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డరులో ఉంది. 2002 నుంచి అమలు. తప్పనిసరి కారణముంటే సడలించవచ్చని 2005లో సుప్రీంకోర్టు అంది. ప్రతివాది వకీలుకు ఏటా నాలుగుసార్లు తప్పనిసరి జ్వరం వస్తుంది. పైగా సంస్కృతంలో బహువచనం మూడుతోనే మొదలు, దానికి పైహద్దు లేదు. నల్లకోట్లు ఆ వ్యాకరణమే చదివినట్టున్నాయి. ‘ఆఖరు’కు బహువచనం ఉండదనుకునేవాణ్ణి.

‘పిలవబడినది’ సులభమన్నాను. పొరపాటు. నాన్న పోయి రెండేళ్లయింది. ఆయన స్థానంలో నన్ను చేర్చమన్న పిటిషనుకే ఈ 11 వాయిదాలూ. మొన్న కూడా బంట్రోతు గుమ్మంలో నిలబడి నాన్న పేరే మూడుసార్లు పిలిచాడు. మూడోసారికి లేచి, ‘హాజరండీ’ అన్నాను.