శునక కర్ణ విచారం

ఇంట్లో కంపు పుట్టినప్పుడు కరీంనగర్ కుటుంబాలు దాని మూలాన్ని వెతికే పద్ధతిలో ఒక తిరుగులేని వరుస ఉంది. మొదటి అనుమానం వాకిటి ముందరి మోరీ మీదికి పోతుంది, రెండోది బీరువా వెనక చచ్చిందనుకునే ఎలుక మీదికి, మూడోది పిల్లవాడి బూట్లలో వారం రోజులుగా మూలుగుతున్న సాక్సుల మీదికి, నాలుగోది మూత సరిగ్గా బిగించని మామిడికాయ తొక్కు జాడీ మీదికి, అయిదోది ఆ సమయానికి ఇంట్లో లేని మనిషి మీదికి. ఈ అయిదూ నిర్దోషులని తేలి, ఫినాయిల్ సీసా ఖాళీ అయి, బీరువా జరిపిన వ్యక్తికి నడుము పట్టేసిన తరువాత, అంతవరకు మంచం కింద పడుకొని ఈ తతంగాన్నంతా చూస్తున్న కుక్క లేచి ఒక్కసారి తల విదిలిస్తుంది. సున్నం వేసి ఆరు నెలలు కాని గోడ మీద ముదురు గోధుమ రంగు చుక్కలు బారుగా పడతాయి. అంతటితో పరిశోధన ముగిసి చికిత్స మొదలవుతుంది, ఇంట్లో శాంతి పోతుంది.

టామీ అనే కుక్క ఉన్న ఈ వ్యాసకర్త ఇంట ఆ శాంతి పోయి నేటికి పంతొమ్మిది రోజులు.

వైద్యశాస్త్రం ఈ వ్యాధిని ఓటైటిస్ ఎక్స్‌టర్నా అంటుంది. తెలుగులో బాహ్య కర్ణశోథ అనవచ్చు. శోథ అంటే వాపు, ఎరుపు, వేడి, నొప్పి కలిసి వచ్చే స్థితి. బాహ్య కర్ణం అంటే చెవి డొప్ప మొదలుకొని కర్ణభేరి అనే పలుచటి పొర వరకు ఉన్న భాగం. కరీంనగర్ మాటకు ఇంత సంస్కృతం అక్కర లేదు. "కుక్క చెవుల చీము పట్టింది" అంటే చాలు, వినేవాడు తనంతట తానే ఒక అడుగు వెనక్కి జరుగుతాడు.

మనిషి చెవి నాళం పొట్టిది, దాదాపు తిన్ననిది. కుక్క చెవి నాళం ముందు నిలువుగా కిందికి దిగి, ఆపైన ఒక మలుపు తిరిగి, అడ్డంగా కర్ణభేరి దాకా పోతుంది. గోదావరిఖని, మందమర్రి ప్రాంతాల వారికి దీన్ని బొమ్మ గీసి చూపవలసిన పని లేదు. సింగరేణి కార్మికులు బాయి అని పిలిచే భూగర్భ గని సరిగ్గా ఇదే తీరున ఉంటుంది. దిగడం ఒక ఎత్తు, దిగిన తరువాత పక్కకు నడవడం ఒక ఎత్తు, లోపల ఉక్క, చెమ్మ, చీకటి. గనిలో నీరు ఊరితే తోడడానికి మోటార్లు ఉంటాయి. చెవిలో నీరు చేరితే తోడే యంత్రం కుక్కకు ఒక్కటే ఉంది, అది తల విదిలించడం. ఆ యంత్రం ఎంత గట్టిగా తిరిగినా మలుపు దాటిన నీరు మలుపు దాటే ఉంటుంది. లాబ్రడార్, కాకర్ స్పానియల్ వంటి వేలాడే చెవుల జాతులలో ఈ గనికి పైన తలుపు కూడా వేసి ఉంటుంది. ఉట్నూరు వైపు చేలల్లో మంచె కింద కాపలా పడుకునే నిటారు చెవుల ఊరకుక్కకు ఈ బాధ అసలే రాదని కాదు, దాని చెవిలోకి గాలి పోతుంది కాబట్టి తక్కువ వస్తుంది. వేలకు వేలు పోసి కొన్న కుక్కకు రోగం, ఉచితంగా వచ్చిన కుక్కకు ఆరోగ్యం రావడం కొన్నవారిని చాలా నొప్పించే విషయం.

నీరు ఒక్కటే నేరస్తుడని చెప్పడం న్యాయం కాదు. తిండి పడకపోవడం, దుమ్ము పడకపోవడం వంటి అలర్జీలు అసలు వేరు కావచ్చు. చెవి మడతలలో కాపురం పెట్టే గోమార్లు కావచ్చు. చెవి నల్లి అనే కంటికి ఆనీ ఆనని పురుగు కావచ్చు. ఈ నల్లి ఉన్న చెవిలో కాఫీ పొడి చల్లినట్టు నల్లటి గసి పేరుకుంటుంది. ఎవరైనా అదే పనిగా విసిగిస్తే చెవిన ఇల్లు కట్టుకొని పోరుతున్నారని తెలుగువారు అంటారు; ఆ మాటను అక్షరాలా ఆచరణలో పెట్టిన ప్రాణి సృష్టిలో ఇదొక్కటే.

కంపు సంగతికి వస్తే, కారకుడు సాధారణంగా మలసీజియా అనే ఈస్టు, అంటే పిండిని పులియబెట్టే జీవికి దూరపు చుట్టం. సూక్ష్మదర్శినిలో ఇది పల్లికాయ ఆకారంలో కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క చెవిలోనూ ఇది అణిగిమణిగి ఉంటుంది. ఉక్క, చెమ్మ, గులిమి సమృద్ధిగా దొరికితే మాత్రం జాతర మొదలుపెడుతుంది. కుక్కల చెవుల్లో కాపురముండే రకానికి శాస్త్రీయ నామం మలసీజియా పాకిడెర్మాటిస్, అంటే మందపు తోలుది. 1925లో వైడ్‌మన్ అనే శాస్త్రవేత్త దాన్ని మొదట వర్ణించింది కుక్క చెవిలో చూసి కాదు, చర్మం పొట్టు రాలుతున్న ఒక భారతీయ ఖడ్గమృగం ఒంటి మీద చూసి. ఖడ్గమృగం వంటి ఉన్నత స్థానం నుంచి మంచం కింది టామీ చెవిలోకి దిగజారినా ఆ ఈస్టు పేరు మార్చుకోలేదు. జిల్లాలు విడిపోయినా ఇంటి ముందర పాత జిల్లా పేరు బోర్డు తీయని వారి ధోరణి ఇది. దీని కంపు ఎలాంటిదో ఆదిలాబాద్ వారికి ఒక్క ముక్కలో చెప్పవచ్చు: సారాకని నానబెట్టి, ఎక్సైజ్ వారి భయంతో నాలుగు రోజులు మరచిపోయిన ఇప్పపువ్వు. సూడోమోనాస్ వంటి బాక్టీరియా చేరితే కథ వేరు. అప్పుడు చీము పసుపుపచ్చగా మారుతుంది, కంపు గబ్బుగా మారుతుంది, చుట్టాలు భోజనానికి ఆగకుండా వెళ్లిపోతారు.

ఇంత చరిత్ర ఉన్న అవయవానికి తెలుగు భాషలో జరిగిన అన్యాయాన్ని ఇక్కడ కొంత విస్తరించి చెప్పడం అవసరం. కుక్క తోకకు తెలుగులో దక్కిన గౌరవం చెవికి దక్కలేదు. తోక వంకర అన్నారు, ఆడించడం అన్నారు, ముడవడం అన్నారు. అన్నిటినీ మించి, కుక్క తోక పట్టుకొని గోదారి ఈదినట్టు అన్నారు. ఈ చివరి సామెత పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వారికి స్థానిక సమస్య, ఎందుకంటే ఆ రెండింటి నడుమ హద్దు గోదావరే. కనుక దీన్ని అలంకారంగా వదిలేయకుండా రవాణా ప్రశ్నగా విచారించాలి. ఈదినవాడు ధర్మపురి వైపు నుంచి బయలుదేరాడా, లక్షెట్టిపేట వైపు నుంచా? ఎండకాలమైతే నదిలో ఇసుకే ఎక్కువ, నడిచి పోవచ్చు, కుక్క అనవసరం. వానకాలమైతే ప్రాణహిత కలిసే కాళేశ్వరం దాకా నది ఏ పూట ఎలా ఉంటుందో ఒడ్డున పుట్టినవాడికే తెలియదు, కుక్క నిష్ప్రయోజనం. ఇక మిగిలింది దసరా తరువాతి రెండు నెలలు. అప్పుడు పత్తి ఏరుడు పనుల్లో కుక్కను తీసుకొని నదికి పోయే తీరిక ఎవరికి ఉంటుంది? పైగా కుక్క ఈదేటప్పుడు తోకను చుక్కానిలా వాడుకుంటుంది. చుక్కానిని పట్టుకొని వేలాడే ప్రయాణికుడితో ఏ పడవా తిన్నగా పోదు. రాయపట్నం దగ్గర వంతెన పడిన తరువాత కూడా ఈ సామెతను వాడుతున్నవారు బస్సు ఛార్జీని మిగుల్చుకోదలచిన వారై ఉండాలి.

ఇవన్నీ పక్కన పెడితే, ఈ సామెతకు టీక చెప్పినవారందరూ ఈదినవాడి తెలివితక్కువతనం గురించే చెప్పారు. ఈదించిన కుక్క ఏమైందని అడిగినవారు లేరు. తోక పట్టుకున్నవాడు వెనక ఉంటాడు, వాడికి చెవి కనపడదు. ఒడ్డు చేరిన కుక్క ఒళ్లు దులుపుకుంటుంది, వెంట్రుకల నీళ్లు నలుగురి మీదా పడతాయి, నలుగురూ నవ్వుతారు. నిలువు నాళం దిగి మలుపు తిరిగిన నీళ్లు మాత్రం అక్కడే ఉంటాయి, మూడోనాడు ముదురుతాయి. గోదావరికి పుష్కరం పన్నెండేళ్లకు ఒకసారి వస్తుంది, 2015లో వచ్చింది, 2027లో మళ్లీ వస్తుంది. కుక్క చెవికి వానకాలం వానకాలం పుష్కరమే.

చికిత్స దగ్గర ఇంటింటికీ ఒక వైద్యుడు బయలుదేరతాడు. వెల్లుల్లి వేసి కాచిన మంచినూనె పోయమని ఒకరు, పసుపు చల్లమని ఒకరు, ట్రాక్టర్ ఉన్నవారైతే డీజిల్ అని ఇంకొకరు. మలసీజియా కొవ్వంటే పడిచచ్చే జాతి. దాని ఇంట్లో నూనె పోయడమంటే దొంగకు తాళంచెవితో పాటు భోజనం కూడా పెట్టడం. ఆ తరువాతి దశలో మెడికల్ షాపు నుంచి మనుషుల చెవి చుక్కలు వస్తాయి. వాటిలో స్టెరాయిడ్, అంటే వాపును అణచే మందు, ఉంటే నాలుగు రోజులు దురద తగ్గి ఇల్లంతా సంబరపడుతుంది, అయిదో రోజున గోడ మీద మళ్లీ చుక్కలు పడతాయి. కర్ణభేరికి చిల్లి ఉందో లేదో చూడకుండా జెంటమైసిన్ వంటి మందు పోస్తే అది లోపలి చెవికి చేరి వినికిడినే తినేయవచ్చు. సీసా మీద ఉండే ఈ హెచ్చరిక చీమ తలకాయంత అక్షరాలతో ఉంటుంది, దాన్ని చదవగల కళ్లున్న పిల్లవాడికి చదివే ఓపిక ఉండదు.

అన్నీ అయిన తరువాత పశువైద్యుడు గుర్తుకు వస్తాడు. పాత కరీంనగర్ జిల్లాలోని కోరుట్లలో, 2016 అక్టోబరు 11 నుంచి జగిత్యాల జిల్లాలోని కోరుట్లలో, పశువైద్య కళాశాల ఉంది, అది పి.వి. నరసింహారావు పేరిట వెలసిన తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందినది. వంగరలో పెరిగిన ఆ బహుభాషావేత్త పేరు ఈ చదువుకు పెట్టడంలో ఔచిత్యం లేకపోలేదు, ఎందుకంటే ఇక్కడి రోగి ఏ భాషలోనూ రోగం చెప్పడు, వెంట వచ్చినవారు తెలిసిన భాషలోనే అబద్ధం చెబుతారు. "ఎన్ని రోజుల సంది ఉన్నది?" అని డాక్టరు అడుగుతాడు. "నిన్నటి సందే సార్" అని ఇంటివారు ముక్తకంఠంతో అంటారు. డాక్టరు చెవిదర్శిని పెట్టి, అంటే దీపం, భూతద్దం అమర్చిన గరాటా వంటి సాధనం పెట్టి, నెలల తరబడి మందమై దాదాపు మూసుకుపోయిన నాళాన్ని చూసి ఏమీ అనడు. ఆ అనకపోవడానికి వేరే ఫీజు లేదు. గసిని పుల్లతో తీసి గాజు పలక మీద పూసి సూక్ష్మదర్శిని కింద చూస్తే ఈస్టా, బాక్టీరియానా, నల్లా అని తేలుతుంది. తేలితేనే సరైన మందు. ఆ తరువాత చెవి కడిగే ద్రావణం, చుక్కలు, రెండు నుంచి నాలుగు వారాలు, మధ్యలో తగ్గినట్టు కనిపించినా ఆపకూడదు.

చుక్కలు వేయడం అనే క్రియకు కనీసం నలుగురు కావాలి: ఒకరు దుప్పటి వేయడానికి, ఒకరు మూతి పట్టడానికి, ఒకరు చెవి డొప్ప ఎత్తి పట్టి మందు వేయడానికి, ఒకరు తప్పు చేస్తున్నారని చెప్పడానికి. మందు పడిన తరువాత చెవి మొదట్లో వేళ్లతో మర్దన చేస్తే లోపల పిసపిసమని శబ్దం రావాలి. ఆ శబ్దం వచ్చిన మరుక్షణంలో తల విదిలింపు, దానితో ఖరీదైన మందులో సగం పట్టుకున్నవారి మొహాన పడడం జరుగుతాయి. పంతొమ్మిది రోజులుగా ఈ వ్యాసకర్త బంధువర్గంలో ఎవరికీ చెవి రోగం లేకపోయినా అందరి చొక్కాలకూ చికిత్స జరిగింది.

పదమూడో రోజున పిల్లవాడి ఫోనులో పాత ఫోటో ఒకటి బయటపడింది. టామీ తలను ఎడమ వైపుకు వాల్చి చూస్తున్న ఫోటో. ఎంత ముద్దుగా వింటున్నదో అని అప్పట్లో చుట్టాలందరికీ పంపినది. దాని మీద తేదీ మూడు నెలల కిందటిది, వాలి ఉన్నది ఇప్పుడు చీము పట్టిన చెవి. మనిషి ఇరవై వేల హెర్ట్‌జ్ దాకా వినగలిగితే కుక్క నలభై అయిదు వేల దాకా వినగలదు. ఈ కుక్క వెనకటికి వీధి మొదట్లో స్కూటర్ మలుపు తిరగగానే గేటు దగ్గర నిలబడేది. కొంతకాలంగా రావడం మానేసింది. వయసు మీద పడిందని ఒకరు, పొగరెక్కిందని ఒకరు అన్నారు. పిలిస్తే పలకలేదని రెండుసార్లు పూట తిండి ఆలస్యంగా పెట్టారు. అది రెండుసార్లూ గిన్నె దగ్గర కూర్చొని, పెట్టేవారి నోటి వైపే చూస్తూ ఉండింది.

చికిత్స సాగుతున్నది. గోడకు మళ్లీ సున్నం వేయించాలా, కుక్కను ఆ గోడకు దూరంగా పడుకోబెట్టాలా అన్న చర్చ కూడా సాగుతున్నది. నిన్న సాయంత్రం ఇంటి ఇల్లాలు పెరట్లో నిలబడి, సీసాను కొంగు వెనక దాచి, "రా బిడ్డా, రారా" అని నాలుగుసార్లు పిలిచినా టామీ కదలలేదు. అయిదోసారి పిలవడం మానేసి, అంత దూరం నుంచే, చప్పుడు కాకుండా సీసా మూత తిప్పింది. కుక్క చెవులు రెండూ ఒక్కసారిగా నిక్కాయి, అది లేచి మంచం కిందికి పారిపోయింది, దాన్ని బయటికి లాగడానికి బీరువా మళ్లీ జరపవలసి వచ్చింది.