వెయ్యి గజాల బాబాయి

అశ్వారావుపేట నుంచి చర్ల దాకా అడవంచు మండలాల్లో ఎక్కడికి పోయినా ఇలాంటి బాబాయి ఒకాయన తగులుతాడు. అరవై దాటి ఉంటాయి. పామాయిల్ తోట, పక్కన రెండెకరాల మొక్కజొన్న, వెనక జామాయిల్, దాని వెనక ఫారెస్టు హద్దు. తండ్రి నాటి 12 బోరు జంటగొట్టాల తుపాకీ ఒకటి వారసత్వంగా వచ్చింది. లైసెన్సు పుస్తకం బీరువాలో పిన్ని పట్టుచీరల కింద ఉంటుంది. తుపాకీ మాత్రం సగం కాలం పోలీసు స్టేషన్లోనే. సర్పంచి ఎన్నికలనీ, పరిషత్తులనీ, అసెంబ్లీ అనీ, పార్లమెంటు అనీ కోడ్ వచ్చినప్పుడల్లా తీసుకెళ్ళి అప్పజెప్పాలి గదా. అయినా ఆయనకు దాని మీద మోజు లేదు. మనసంతా వెయ్యి గజాల దూరం కొట్టేలా తాను చేయించబోయే రైఫిలు మీదే.

ఆడపిల్లకు సంబంధం చూసినంత పట్టుగా చూస్తున్నాడు దాన్ని. ముందు క్యాలిబరు తేలాలి, అది తేలితే గానీ యాక్షను, అంటే తూటాను గొట్టంలోకి ఎక్కించే బోల్టు సరంజామా, తేలదు. 6.5 క్రీడ్‌మూర్ అనుకుంటే తూటా పొట్టిది, పొట్టి యాక్షను చాలు. 30-06 అయితే పొడుగు, దానికి పొడుగు యాక్షను కావాలి. 300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అన్నామా, తూటా మొదలు లావు, బోల్టు ముఖం కూడా పెద్దది చూడాలి. క్యాలిబరు మారిన ప్రతిసారీ కథ మళ్ళీ మొదటికి వస్తుంది. క్యాలిబరు నెలకోసారి మారుతుంది.

యాక్షను సంగతికొస్తే ఆదివారం మౌజర్ 98 పక్షం. 1898 నాటి జర్మన్ పనితనం. తూటా మ్యాగజైన్లోంచి లేస్తూనే పెద్ద ఎక్స్‌ట్రాక్టరు దాని అంచు ఒడిసి పట్టుకుంటుంది, రైఫిలు తలకిందులైనా జారదు. "ఎలుగుబంటి మీదికొచ్చినప్పుడు తూటా ఇరుక్కుంటే ఎవడు తీస్తాడ్రా?" అంటాడు. ఆయన మీదికి ఎలుగుబంటి వచ్చిన దాఖలా లేదు. బుధవారానికల్లా రెమింగ్టన్ 700. 1962లో వచ్చింది, గుండ్రటి రిసీవరు, లేతు మీద సరిచేయడం సుళువు. కస్టమ్ యాక్షన్లు చేసేవాళ్ళలో చాలామంది దాని కొలతల్నే పట్టుకుంటారు. ఈ ముక్క చెప్పేటప్పుడు బొటనవేలూ చూపుడువేలూ కలిపి, లేని బోల్టును పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి దించి, నోటితో "టక్" అంటాడు. పాల్వంచలో ఒకసారి పక్కనున్న పెద్దమనిషి టీ గ్లాసు ఆ బోల్టుకు అడ్డం వచ్చింది.

ఖాకీ బట్టలు, టోపీ, భుజాన కట్టె తుపాకీతో కోతలు కోసే పిట్టలదొర మన వీధుల్లోకి రావడం తగ్గిపోయింది. ఆ ఖాళీని బాబాయిలు పూడుస్తున్నారని నా అనుమానం. కాకపోతే పిట్టలదొర గొప్పలు అయిపోయిన వేటల గురించి. బాబాయివి జరగబోయే వేటల గురించి. అబద్ధమని నిరూపించడం ఎవరి తరం?

జరగబోయే వేటకు ఒక్కటే అడ్డు, చట్టం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చేనాటికి బాబాయి నిక్కర్లలో ఉన్నాడు. పంట మీద పడే పందినైనా అనుమతి లేకుండా కొట్టకూడదు. కిన్నెరసాని అభయారణ్యం వైపు తుపాకీతో నడిస్తే ఇక చెప్పేదేముంది. పైగా ఆయుధాల చట్టం. 303 సైన్యం వాడిన బోరు, మామూలు లైసెన్సు మీద రాదు. అందుకే ఇషాపూర్ ఫ్యాక్టరీ 315 బోరు రైఫిలు చేసి పెట్టింది. దగ్గరి గురికి గట్టిదే గానీ వెయ్యి గజాల మాటెత్తితే ఆ తూటాయే నవ్వుతుంది. విదేశీ రైఫిలు తెప్పించుకుందామా అంటే మామూలు మనిషికి ఆ దారి 1980లలోనే మూతపడింది. ఇవి చాలవన్నట్టు 2019 సవరణతో మనిషికి మూడు తుపాకులన్నది రెండుకు దిగింది. ఊరంతా జాలిపడింది. "ఇంకా ఒకటి ఖాళీ ఉంది గదరా" అన్నాడు బాబాయి.

అందుకని కార్యక్రమం డల్లాసుకు మారింది. కొడుకు అక్కడ సాఫ్ట్‌వేరులో ఉన్నాడు. టెక్సాసులో పందుల బెడద మన దగ్గరకంటే ఎక్కువ. ఏడాది పొడవునా కొట్టుకోవచ్చు, 2011 నుంచి హెలికాప్టర్లోంచి కొట్టడానికి కూడా చట్టం ఒప్పుకుంది. ఆ వార్త విన్న రాత్రి బాబాయి నిద్రపోలేదని పిన్ని చెప్పింది. "హెచ్-1బి వాళ్ళకు తుపాకీ అమ్మరు నాన్నా" అని కొడుకు గండం గట్టెక్కబోయాడు. మర్నాడు పొద్దున్నే బాబాయి ఫోను. "హంటింగ్ లైసెన్సు తీసుకుంటే అమ్ముతారంటరా. మినహాయింపు ఉంది, చదివినా." నిజమే, ఉంది. శనివారాలు ఆ పిల్లవాడు తుపాకుల దుకాణంలో నిలబడి వీడియో కాల్లో ఒక్కో యాక్షనూ చూపిస్తాడు. "మెల్లగా లాగురా. ఫోను దగ్గర పెట్టు, చప్పుడు వినాలి." వీడు శాకాహారి. ఈ మాట నేను జాలితోనే చెబుతున్నాను.

అసలు వెయ్యి గజాలు ఎందుకు? మన టేకు, వెదురు మధ్య నలభై గజాల అవతల ఏనుగున్నా కనపడదు. జిమ్ కార్బెట్ అంతటి వేటగాడు 1926లో రుద్రప్రయాగ చిరుతను చీకట్లో చెట్టు మీది మంచె నుంచి, టార్చి వెలుగులో, అతి దగ్గర నుంచే కొట్టాడు. ఈ సంగతి ఎత్తితే బాబాయి ఒక్క క్షణం మౌనంగా ఉండి, "ఆయనకు మంచి స్కోపు దొరకలేదు" అంటాడు.

వెయ్యి గజాలు సాఫీగా కనిపించే చోటు ఈ ప్రాంతంలో గోదావరి ఒక్కటే. వానాకాలం భద్రాచలం కరకట్ట మీద జనం గుమిగూడతారు. నీటిమట్టం 43 అడుగులు దాటి మొదటి హెచ్చరిక ఇచ్చారా, 48కి పోతుందా, 53 తాకి మూడోది కూడా వస్తుందా అని అందరి కళ్ళూ వరద మీదే. బాబాయి మాత్రం కొడుకు పంపిన రేంజ్‌ఫైండర్ కంటికి ఆనించి అవతలి ఒడ్డున సారపాక వైపు దీపస్తంభం దూరం తీస్తుంటాడు. "తూటా అక్కడికి పోయేసరికి పాతిక అడుగులకు పైనే దిగిపోతది" అంటాడు లోగొంతుతో. పక్కన సామాన్లు ట్రాక్టరుకెత్తుకుని వచ్చినాయన నీళ్ళు దిగిపోతాయనుకుని దండం పెట్టాడు.

ఒకసారి పర్ణశాలలో టీ తాగుతూ నేనే కదిపాను.

"బాబాయ్, రాముడిది ఏ యాక్షను?"

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "మానవాస్త్రం. విశ్వామిత్రుడి యాగం దగ్గర మారీచుణ్ణి నూరు యోజనాల అవతల సముద్రంలో పడేసింది. అదీ లాంగ్ రేంజ్ అంటే."

"మరి ఇక్కడ బంగారు లేడినో?"

"అది దగ్గరి దెబ్బ. పైగా భార్య అడిగిందని పోయిన వేట." అని పిన్ని వైపు చూశాడు. పిన్ని బజ్జీలు పొట్లం కట్టిస్తోంది, వినలేదు. విన్నా పట్టించుకునేది కాదు.

ఎందుకంటే పందుల సంగతి చూస్తున్నది ఆమే. పాత చీరలన్నీ మొక్కజొన్న చుట్టూ కట్టింది. క్షవరం షాపు నుంచి గోనెసంచుల్లో జుట్టు తెప్పించి గట్ల మీద చల్లించింది. రేకు డబ్బాలు వేలాడదీసింది. కొన్నాళ్ళు ఆగాయి, తర్వాత అలవాటుపడ్డాయి. ఒక రాత్రి మంద వచ్చింది. చీరకొంగు నెత్తిన వేసుకున్నట్టు లోపలికి దూరి కంకులు నమిలే చప్పుడు పందిట్లోకి వినిపిస్తోంది. బాబాయి లేచాడు. మిగతా మంద చేలో ఉండగానే ఒక ముసలి పంది పెరటి దడి దగ్గరికి వచ్చి నిలబడింది, మధ్యలో ఒక్క తొట్టే అడ్డం. ఆయన రేంజ్‌ఫైండర్ ఎత్తి మీట నొక్కాడు. తెర మీద గీతలొచ్చాయి. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ గీతలే.

"ఇంత దగ్గరుంటే రీడింగు రాదే!" అన్నాడు విసుగ్గా.

పిన్ని ఇత్తడి పళ్ళెం, గరిటె పట్టుకుని బయటికొచ్చింది. ఆ మోతకు పందులతోపాటు మేమూ లేచి కూర్చున్నాం.

ఈ ఏడాది మొత్తానికి అన్నీ తేలాయి. 6.5 క్రీడ్‌మూర్, పొట్టి యాక్షను, 26 అంగుళాల బరువు గొట్టం, దాని లోపలి గాడికి ఎనిమిది అంగుళాలకో మెలిక. టెక్సాసు గన్‌స్మిత్ ఒప్పుకున్నాడు. అడ్వాన్సు కట్టేముందు కొడుకు ఫోను చేశాడు. అదే వారం ఖమ్మంలో కంటి డాక్టరు బాబాయికి కుడి కంట్లో శుక్లం ఉందనీ, ఎడమ కన్ను బాగుందనీ చెప్పి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చాడు.

"కట్టేయనా నాన్నా?"

"ఆగరా. గురి ఎడమ కన్నుతో చూడాలంటే బోల్టు ఎడమ చేతికి రావాలి గదా. ఎడమచేతి యాక్షన్లు ఎవరెవరు చేస్తారో కనుక్కో. ఎట్లాగూ ఎడమచేతిదే కాబట్టి, ఆ 300 మాగ్నమ్ సంగతి కూడా ఒకసారి చూడు."