మూలపురుషాన్వేషి

కలకత్తాలో స్థిరపడిన తెలుగువారిలో, ఉద్యోగ విరమణ జరిగి, పిల్లలు బెంగళూరు చేరి, పెన్షను సక్రమంగా అందుతున్న దశలో కొందరికి తాము సామాన్యులం కామన్న అనుమానం పుడుతుంది. అది ముదిరి నమ్మకంగా మారినవానిని మూలపురుషాన్వేషి, అనగా తన వంశానికి ఆద్యుడెవరో తేల్చడానికి పాత దస్తావేజుల వెంట పడినవాడు అనవచ్చు. ఇతని ముత్తాత శ్రీకాకుళం ప్రాంతం నుండి వచ్చి, గార్డెన్ రీచ్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న బెంగాల్ నాగపూర్ రైల్వేలో, సంక్షిప్తంగా బి.ఎన్.ఆర్.లో కుదిరినవాడన్న సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసినదే. ఆ సంగతే ఇతనికి చాలదు.

ఈ జబ్బుకు నగరమే కొంత కారణమని చెప్పక తప్పదు. వంగదేశంలో ఘటకులనే పెళ్లిళ్ల పేరయ్యలు కులీనుల వంశావళులను కులపంజికలనే గ్రంథాలలో తరతరాలుగా రాసిపెట్టారు; వాటిలోని పూర్వీకులను చరిత్రకారులు ఎంత శంకించినా పెళ్లివారు మాత్రం శంకించలేదు. సుతానుటి, కలికాత, గోవిందపూర్ అనే 3 గ్రామాలపై హక్కును 1698లో 1,300 రూపాయలకు ఈస్టిండియా కంపెనీకి బదలాయించిన సావర్ణ రాయ్ చౌధురీల వారసులైతే, జాబ్ చార్నాక్‌ను నగర స్థాపకుడనడం, అతడు వచ్చిన రోజును నగరం పుట్టినరోజనడం తగదని హైకోర్టుకెక్కి, 2003లో తీర్పును తమకు అనుకూలంగా తెచ్చుకున్నారు. పక్కింటివారి పూర్వీకులు నగరం పుట్టినరోజునే రద్దు చేయించగలిగినప్పుడు, తన ముత్తాత పేరు కనీసం ఒక చెరువుకైనా లేకపోవడం ఏ ఆత్మాభిమానికైనా భరించరానిదే.

అందువల్ల అన్వేషి తొలి అడుగు కైఫియత్తుల వైపు పడుతుంది. కల్నల్ కాలిన్ మెకంజీ పంపిన గుమాస్తాలు కరణాల నుండి, వారి దండకవిలెల నుండి, అనగా తరతరాల గ్రామ లెక్కల పుస్తకాల నుండి సేకరించిన ఊళ్ల వృత్తాంతాలే కైఫియత్తులు. 1815లో సర్వేయర్ జనరల్ పదవి పొందిన మెకంజీ, ఆ పిమ్మట కలకత్తా చేరుతూ ఈ రాతలతో పాటు కావలి లక్ష్మయ్య వంటి తెలుగు సహాయకులనూ వెంటబెట్టుకు వచ్చాడు. మెకంజీ 1821లో మరణించాక ప్రాచ్యభాషా పండితుడు విల్సన్ కూర్చిన వాటి సూచిక 1828లోనూ, లక్ష్మయ్య సోదరుడు వెంకట రామస్వామి ఆంగ్లంలో రాసిన దక్కను కవుల చరిత్ర 1829లోనూ ఈ నగరంలోనే అచ్చయ్యాయి. తెలుగు రాతప్రతులు మాత్రం అటుపిమ్మట మద్రాసుకు తరలిపోయాయి. ఈ చివరి వాక్యాన్ని చదవని అన్వేషి, అలీపూర్‌లోని నేషనల్ లైబ్రరీకి సుమారు రెండు శతాబ్దాలు ఆలస్యంగా చేరుకుని, అందుకు గుమాస్తాపై విసుక్కుంటాడు.

ఎట్టకేలకు అచ్చయిన గుంటూరు ప్రాంతపు కైఫియత్తులు చేతికందగా, వాటిలో తన ఇంటిపేరుగల ఊరొకటి కనిపిస్తుంది. తెలుగు ఇంటిపేర్లలో అధికభాగం ఊరిపేర్లే కావడం, ఒకే ఊరిపేరు అనేక కులాలవారికి ఇంటిపేరుగా ఉండడం పరిశోధకుని జాగ్రత్తపడేలా చేయవలసిన విషయాలు. అన్వేషి విషయంలో అవి ఉత్సాహకారకాలు. శ్రీకాకుళం వంశాన్ని గుంటూరు దాకా నడిపించడానికి ఒక కరువును ప్రవేశపెడతాడు, ఆ కైఫియత్తులో అదే ఇంటిపేరుతో దొరికిన ఒక దివానుది వేరే కులమైతే దానిని లేఖక దోషంగా సవరిస్తాడు. పది తరాల వెనుకకు వెళితే ఆ ఒక్క తరంలోనే లెక్కకు 1,024 మంది పూర్వీకులుంటారు, వారిలో సగం మంది స్త్రీలు. ఇతడు 1,023 మందికి నీళ్లు వదిలి దివానును ఒక్కనినే ఉంచుకుంటాడు. ఇంటావిడ పుట్టింటివారి మాట వచ్చినప్పుడు ఆధారాలు అలభ్యమంటాడు, ఆమె అన్నగారు సజీవుడై ఖరగ్‌పూర్‌లోనే ఉన్నా సరే.

నిజమైన ఆధారం ఇంటి ట్రంకుపెట్టెలో ఉంటుంది: ముత్తాత సర్వీసు పుస్తకం నకలు, అనగా ఉద్యోగి చేరిక, జీతం, సెలవు, జరిమానాలను నమోదు చేసిన రైల్వే దస్త్రం. అందులోని పేరు అప్పన్న. సింహాద్రి అప్పన్న కొలువైన ఉత్తరాంధ్రలో అప్పన్నలు, అప్పలస్వాములు, అప్పలనాయుళ్లు గడపకొకరు; పైగా మనుమనికి తాత పేరు పెట్టే ఆచారం వల్ల ఒకే అప్పన్న తరం విడిచి తరం పుడుతూ ఉంటాడు. ఈ అప్పన్నను మిగిలినవారి నుండి వేరుచేసేది ఇంటిపేరు కాదు, గోత్రం అంతకన్నా కాదు, 1927 మే నెలలో సెలవు లేకుండా పనికి రానందుకు పడిన జరిమానా. అది సింహాచలంలో ఆ దేవునికి చందనోత్సవం జరిగే వైశాఖ మాసం. భూమి లేనివానిని, శిస్తు కట్టనివానిని ఆ కాలపు అధికారిక కాగితం గుర్తుంచుకున్నదంటే చాలావరకు అతడు ఏదో తప్పు చేసి ఉండాలి.

జరిమానా మాట విని మొదట కుంగిపోయిన అన్వేషి, ఖరగ్‌పూర్‌లో బి.ఎన్.ఆర్. కార్మిక పోరాటాలు సాగింది 1927లోనే అని తెలియగానే లేచి కూర్చుంటాడు. ఆ అలజడులు ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరులో మరొకసారి చెలరేగాయని, మే నెల ఆ రెండింటిలోనూ లేదని ఎవరైనా సూచిస్తే, మహానుభావులు ఉద్యమానికి ముందూ వెనుకా కూడా త్యాగాలు చేస్తారని సమాధానమిస్తాడు. ఉగాది సభలో పంచిపెట్టే వంశావళిలో పాయింట్స్‌మన్ అప్పన్న, అనగా రైళ్లు పట్టాలు మారడానికి మీట లాగే ఉద్యోగి, ‘రవాణా శాఖాధికారి, స్వాతంత్ర్య సమరయోధుడు’గా అచ్చవుతాడు; ఆయనకు పైన దివాను, దివానుకు పైన, తదుపరి ముద్రణ కోసం, కొంత ఖాళీ స్థలం.