సున్నాలకు చోటివ్వకండి

సున్నాను ప్రపంచానికిచ్చింది మనమేనని గర్వపడుతుంటాం గానీ, దాన్ని రాసుకోకుండా ఉండటంలోనే అసలు తెలివుంది. పామూరు వైపు జనం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న వెలిగొండ జంట సొరంగాలనే తీసుకోండి. 1996లో శంకుస్థాపన. నల్లమల కింద ఒక్కోటి దాదాపు 18.8 కిలోమీటర్లు, ఒకదాని వ్యాసం 7 మీటర్లు, రెండోదానిది 9.2. తవ్వకం ఒకటి 2021లో, మరొకటి 2024లో ముగిసింది. ఇక నీళ్ల సంగతి ఎత్తితే ఇది హాస్య వ్యాసం కాకుండా పోతుంది. కాబట్టి రాతి దగ్గరే ఆగుదాం. అలాంటి కొండను కంప్యూటర్లో పెట్టాలంటే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో దాన్ని ఇటుకలుగా కోస్తారు. ఇటుకల మూలల్లో పది లక్షల బిందువులున్నాయనుకోండి. ఒక్కోటి మూడు దిక్కులకు జరగొచ్చు గనుక తేల్చాల్సినవి 30 లక్షలు. అన్నిటికీ అన్నిటితో సంబంధం రాస్తే ఆ మాత్రికలో 9 లక్షల కోట్ల గళ్లుంటాయి. ఏ రాష్ట్రం అప్పో అనుకునేరు! గడికి 8 బైట్ల చొప్పున 72 టెరాబైట్లు. అయితే కొండ లోపలి ఏ బిందువుకైనా తనతో కలిపి 27 బిందువులతోనే నేరుగా పని. అంటే వరసకు 81 అంకెలు, మిగతా 29,99,919 సున్నాలు. ఆ అంకెల్నీ, వాటి చిరునామాల్నీ మాత్రమే రాసుకుంటే అంతా మూడు గిగాబైట్లకు దిగొస్తుంది. 72 టెరాబైట్లు మింగబోయిన కొండ ల్యాప్‌టాప్‌లో సర్దుకుంటుంది.

పక్కింటి వాళ్లతో తప్ప మాట్లాడని బిందువుకు దూరపు సంగతులెలా తెలుస్తాయంటారా? పామూరు బస్టాండులో పుట్టిన పుకారును కూడా ఎవరైనా పక్కనున్నవాడికే చెబుతారు. సాయంత్రానికి ఊరంతా తెలియడం ఆగిందా? 1952లో హెస్టెన్స్, స్టీఫెల్ ప్రకటించిన కాంజుగేట్ గ్రేడియంట్ పద్ధతి ఒక్కో విడతలో ఒక్కో పొరుగు దాటుకుంటూ ఇలాగే పోతుంది. ఇంత చేసీ, ఇంటర్లో నేర్పినట్టు మాత్రికకు విలోమం కట్టబోతే మాత్రం దాంట్లో ఒక్క గడీ ఖాళీగా మిగలదు. మళ్లీ 72 టెరాబైట్లు. చలరాశుల్ని ఒక్కొక్కటే తొలగించుకుంటూ పోదామంటే అదో తంటా. తొలగిన బిందువు ఊరికే పోదు, తన పొరుగువాళ్లందరికీ ఒకరితో ఒకరికి చుట్టరికం కలిపి మరీ పోతుంది. సున్నాలున్న చోట అంకెలు మొలుస్తాయి. ఎవర్ని ముందు పంపాలన్నదే ఇక్కడ కీలకం. 1969లో కట్‌హిల్, మెకీ ఒక వరస చెప్పారు. 1973లో అలన్ జార్జ్ మొత్తాన్ని నడిమికి చీల్చి, చీలిక మీది బిందువుల్ని చివరికి ఉంచమన్నాడు. కొండ అదే, సమీకరణాలూ అవే. నంబర్లు వేసిన వరసను బట్టి పని గంటలో తేలొచ్చు, మెమరీ చాలక మధ్యలోనే చతికిలబడొచ్చు.

ఈ తంటా లేని కాంజుగేట్ గ్రేడియంటే వాడుకోవచ్చుగా అంటే, రాయి ఒప్పుకోదు. నల్లమలలో గట్టి క్వార్ట్‌జైట్ పక్కనే పొరలు పొరలుగా షేల్ ఉంటుంది. బిరుసుతనంలో అంత తేడా ఉంటే విడతలు తెగవు. పైగా రాయి లొంగిపోయి జారేటప్పుడు దాని ఘర్షణ కోణం, ఉబ్బే కోణం ఒకటి కావు. దాంతో మాత్రికకు సౌష్ఠవం పోతుంది. అది లేని చోట కాంజుగేట్ గ్రేడియంట్ అడుగు పెట్టదు.

మార్కాపురం పలకల గనుల్లో ఏ మాత్రిక చూసి రాయి చీల్చారని అడిగేవాళ్లూ ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. రాయి ఎటు చీలుతుందో ఉలి పట్టినవాడికి తెలిసినంతగా ఏ కంప్యూటరుకూ తెలియదు. ఆ పొరల దిశ ఎవరో కొలిచి చెబితేనే దాని లెక్క మొదలయ్యేది. కానీ మొదటి సొరంగం పక్కనుంచే రెండోది తవ్వుకుపోతుంటే మొదటిదాని గోడ ఎన్ని మిల్లీమీటర్లు లోపలికొస్తుందో ఉలి చెప్పదు. అందుకే ఆ 30 లక్షల లెక్క. అదీ ఒక్కసారితో పోయేది కాదు, తవ్వకం ముందుకు జరిగినప్పుడల్లా మళ్లీ మొదటినుంచీ.