సంపాదక సభాప్రకటన శాస్త్రం

ఏ శాస్త్రం మొదలుపెట్టినా ముందు నాలుగు సంగతులు తేల్చుకోవాలని పూర్వులు కట్టడి చేశారు: అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం. ఈ శాస్త్రం చదవడానికి అధికారి ఎవరంటే, పరుల వాక్యాలు దిద్ది పొట్టపోసుకునేవారు. పత్రికలో డెస్కు మీద కూర్చునే సబ్ ఎడిటరు కావచ్చు, ప్రచురణ సంస్థలో పరిష్కర్త కావచ్చు, పేజీకింత అని మాట్లాడుకుని ఇంట్లోనే ప్రూఫులు చూసే మనిషి కావచ్చు. విషయం, అటువంటి వారంతా ఒక ప్రాంతంలో సంఘంగా ఏర్పడి తమలో తాము పంపుకునే ‘వార్తలు, రాబోయే కార్యక్రమాలు’ అనే ఒంటిపేజీ కాగితం. ఇప్పుడది కాగితం కూడా కాదు, వాట్సాప్‌లో వచ్చే బొమ్మ. శాస్త్రానికి ఆ తేడా పట్టదు. సంబంధం ఏమిటంటే, దాన్ని రాసేవారిదీ చదివేవారిదీ ఒకే వృత్తి. అనర్థాలన్నీ ఇక్కడే పుడతాయి. ప్రయోజనం విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు కనుక వదిలేస్తున్నాను.

ముందు లక్షణం చెప్పాలి. ‘సంపాదకుల సభ జరుగుతుందని తెలిపేది సభాప్రకటన’ అన్నారు కొందరు. సభ వాయిదా పడిందని తెలిపే ప్రకటనలు ఇందులో ఇమడవు. ఇది అవ్యాప్తి. పోనీ ‘తప్పులున్న ప్రకటన’ అందామా, శుభలేఖలు, ప్లాట్ల అమ్మకం ఫ్లెక్సీలు, బ్రహ్మోత్సవాల కరపత్రాలు అన్నీ వచ్చి ఇందులో బాసింపట్టు వేసుకుని కూర్చుంటాయి. ఇది అతివ్యాప్తి. ‘తప్పుల్లేని ప్రకటన’ అంటే నేరుగా అసంభవం. కాబట్టి సిద్ధాంత లక్షణం ఇలా నిలుస్తుంది: చదివిన ప్రతివారూ దిద్దేది, దిద్దినవారెవరూ వెళ్లనిది ఏదో అది సంపాదక సభాప్రకటన.

మొదటి సూత్రం: దోషమే ప్రాణం.

దీనికి శబ్దప్రమాణం ఆస్ట్రేలియాలో ఉంది. విక్టోరియా రాష్ట్రంలోని సంపాదకుల సంఘం తన సభ్యులకు పంపే వార్తాపత్రంలో 1992లో జాన్ బాంగ్‌సుండ్ అనే సంపాదకుడు ఒక సూత్రం ప్రకటించాడు. చెడిపోగలిగింది చెడిపోయే తీరుతుందనే మర్ఫీ సూత్రం అప్పటికే లోకప్రసిద్ధం. ఆ పేరులో రెండక్షరాలు కావాలనే తారుమారు చేసి దీనికి ‘మఫ్రీ సూత్రం’ అని నామకరణం చేశాడు. దాని సారం ఇది: ఇతరుల దిద్దుబాటును తప్పుపడుతూ మీరేం రాసినా అందులో ఒక తప్పు దొర్లుతుంది. పుస్తకం బాగా దిద్దారని రచయిత మీకు ముందుమాటలో కృతజ్ఞత చెబితే ఆ పుస్తకంలో తప్పులుంటాయి. ఆ కోపమో కృతజ్ఞతో ఎంత గట్టిదైతే తప్పు అంత పెద్దది. ఇక సంపాదకత్వం మీదే రాసిన పుస్తకమైతే దానికీ దానికే పొత్తు కుదరదు. లోకమంతా అప్పజెప్పుకునే ఈ సూత్రం ఏ విశ్వవిద్యాలయంలోనూ పుట్టలేదు. ఒక ప్రాంతీయ సంఘం వార్తల సంప్రదాయంలోంచే పుట్టింది. మన శాస్త్రానికి ఇంతకంటే గోత్రప్రవర అక్కర్లేదు.

ప్రత్యక్షప్రమాణం ఇంకా పాతది. జర్మనీలోని మైంజ్ నగరంలో 1457 ఆగస్టు 14న ఫుస్ట్, షోఫర్ అనే ఇద్దరు ఒక కీర్తనల గ్రంథం అచ్చువేశారు. ముద్రాపకుల పేర్లూ తేదీ అచ్చులో ఎక్కిన మొదటి యూరోపు పుస్తకం అదే. కలం ముట్టకుండా కొత్త కళతో దీన్ని తయారుచేశామని చివరి పేజీలో సగర్వంగా చెప్పుకున్నారు. ఆ చెప్పుకున్న ముక్కలోనే ‘ప్సాల్మోరుం’ అని ఉండాల్సిన గ్రంథనామం ‘స్పాల్మోరుం’ అయి కూర్చుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. తప్పు కీర్తనల్లో రాలేదు, ఆత్మపరిచయంలో వచ్చింది. పరుల వాక్యం దిద్దేటప్పుడు కన్ను అక్షరం అక్షరం తడుముకుంటూ పోతుంది. సొంత పేరు, సొంత సభ, సొంత గొప్ప రాసుకునేటప్పుడు అర్థం ముందే తెలుసు కనుక కన్ను అక్షరాల దాకా వెళ్లదు, మనసులో ఉన్నదాన్నే కాగితం మీద చదివేసి తిరిగొస్తుంది. సంపాదకుల సంఘంవారి ప్రకటన పూర్తిగా ఆత్మపరిచయమే. కనుక పూర్తిగా ప్రమాదస్థలమే.

రెండవ సూత్రం: తిథివార విరోధంలో వారానిదే గెలుపు.

ప్రకటనలోని అన్ని దోషాల్లోకీ రాజదోషం తేదీకీ వారానికీ పొసగకపోవడం. ‘14వ తేదీ, ఆదివారం, ఉదయం 10 గంటలకు’ అని ఉంటుంది. క్యాలెండర్ తీస్తే 14 శనివారం. ఇప్పుడు దేన్ని పట్టుకోవాలి? మీమాంసకులు ఇలాంటి చిక్కులకు తరతరాల కిందటే దారి చెప్పారు. శ్రుతి, లింగం, వాక్యం, ప్రకరణం, స్థానం, సమాఖ్య అనే ఆరు ప్రమాణాలు తమలో తాము కొట్టుకుంటే ముందున్నదే బలమైనదని జైమిని నిర్ణయం. ఆ లెక్కన ప్రకటనలో తేదీ ముందుంది కనుక తేదీదే బలం. అలా మీమాంస పాటించిన శాస్త్రనిష్ఠులు శనివారం వెళ్లారు. హాలుకు తాళం. లోకవ్యవహారం పాటించినవారు ఆదివారం వెళ్లారు. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు తెలుగువాడు ‘పధ్నాలుగున’ అనడు, ‘వచ్చే ఆదివారం’ అంటాడు. మనకు అంకె నోట నిలవదు, వారం నిలుస్తుంది. వారు వెళ్లేసరికి హాల్లో ఏదో నృత్య పాఠశాల వార్షికోత్సవం నడుస్తోంది, గజ్జెలు కట్టిన పిల్లలు మెట్ల మీద ఇడ్లీలు తింటున్నారు. నిర్వాహకుల ఉద్దేశం ఆపై ఆదివారమట. ఆ సంగతి సవరణలో వచ్చింది.

సవరణ అనేది వేరే ప్రకరణం. మొదటి ప్రకటన వచ్చిన మూడో నిమిషంలో ఎవరో వినయంగా ‘అన్యథా భావించకండి’ అని మొదలుపెడతారు. ఈ మాట కనబడితే అన్యథా భావించడానికి సిద్ధపడాలన్నమాట. వెనకే నిర్వాహకుడు ‘సవరించిన ప్రకటన’ పంపుతాడు. తేదీ కుదురుతుంది, ఆ తొందరలో సమయం ఎగిరిపోతుంది. ‘తుది ప్రకటన’ వస్తుంది. సమయం వస్తుంది, వేదిక పేరులో వత్తు పక్క అక్షరం కిందికి జరుగుతుంది, ఎందుకంటే పేజీ అను ఫాంటులో కొట్టి యూనికోడ్‌లోకి మార్చారు. తర్వాత ‘తుది ప్రకటన, సవరించినది’. ఒక దోషాన్ని తీర్చడానికి మరొకటి, దాన్ని తీర్చడానికి ఇంకొకటి కావాల్సి రావడాన్ని తార్కికులు అనవస్థ అంటారు. వారు దీన్ని వాదంలో ఓటమిగా లెక్కవేస్తారు. మన సంఘాల్లో దీన్ని కార్యవర్గ చురుకుదనం అంటారు. పూర్వం ఈ బాధ లేదు, పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక అని రెండు నిలువు గడులు వేసి చేతులు దులుపుకునేవారు. ఆ పట్టికలో ‘ఒప్పు’ గడి కింద కూడా తప్పు పడినప్పుడు పాఠకుడు ఏది ఒప్పో తన పాండిత్యాన్ని బట్టి నిర్ణయించుకునేవాడు.

అక్షరదోషాల్లో ‘అతిథి’ ఒక్కదానికే వేరే వ్యాఖ్యానం రాయవచ్చు. ముఖ్య అతిథి లేని సభ లేదు, ‘అతిధి’ లేని కరపత్రం దాదాపుగా లేదు. థకారానికి పొట్టలో చుక్క ఉంటుంది, ధకారానికి ఉండదు. పిలిచిన పెద్దమనిషి పొట్టలో చుక్కైనా లేకుండా అచ్చులోకి ఎక్కితే, సభలో ఆయనకు ఏం పెట్టబోతున్నారో ముందే తెలిసిపోతుంది. పైగా ఆ పెద్దమనిషి సాధారణంగా రిటైరైన సంపాదకుడే. తన పేరు పక్కన ఆ చుక్క లేదని మైకు అందుకున్న మొదటి నిమిషంలోనే ప్రస్తావించి, మిగతా నలభై నిమిషాలూ దానిమీదే ప్రసంగిస్తారు. ఆవిష్కరించాల్సిన పుస్తకం పట్టుబట్ట విప్పకుండా బల్లమీదే ఉంటుంది.

‘వార్తలు’ భాగం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అభినందనలు, సంతాపాలు, బకాయి చందా. ఇంగ్లీషు దిద్దేవారి సంఘాల్లో మాత్రం ఒక మహావార్త ఉంటుంది: చికాగో మాన్యువల్ ఆఫ్ స్టైల్ కొత్త కూర్పు. 1906లో మొదలైన ఈ నియమావళి ఈమధ్య 2003, 2010, 2017, 2024లలో కొత్తగా వచ్చింది, అంటే సరిగ్గా ఏడేళ్లకోసారి. ఏల్నాటి శని కంటే ఆర్నెల్లు తక్కువ. 2017లో ‘ఈమెయిల్’ మధ్య అడ్డగీత పోయింది. 2024లో, శీర్షికల్లో అయిదక్షరాలూ అంతకు మించీ ఉన్న విభక్తి పదాలకు పెద్దక్షరం దక్కింది. దీని మీద కెనడాలో 1979 నుంచీ, బ్రిటన్‌లో 1988 నుంచీ ఉన్న సంఘాల్లో చర్చలు, వెబినార్లు. బ్రిటన్ సంఘం 2020 నుంచి చార్టర్డ్ సంస్థ కూడా. అక్కడ దిద్దేవాడికి రాజముద్ర ఉంది, మనకు ముద్రారాక్షసమే ఉంది. తెలుగులో అందరూ ఒప్పుకునే అలాంటి ఒకే పుస్తకం లేదు. ఏ పత్రిక కట్టుబాటు ఆ పత్రికదే. ‘ళ్ల’ రాయాలా ‘ళ్ళ’ రాయాలా అన్న దానిమీద పక్కపక్క డెస్కులు దశాబ్దాలుగా శాంతియుతంగా విభేదిస్తున్నాయి. ఈనాడు జర్నలిజం స్కూలు ప్రిన్సిపాల్‌గా బూదరాజు రాధాకృష్ణ గారు ఒక తరాన్ని దారిలో పెట్టారు. ఆ తరంవారు ఒక గ్రూపులో ఉంటే అక్కడ ప్రకటన పంపడానికి ఎవరికీ చెయ్యి రాదు.

ఈ సూత్రాలకు ఒక అపవాదం ఉంది. 1820లో కడపకు వచ్చిన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, ఆ తర్వాత అక్కడే తన బంగళాలో పండితులను కూర్చోబెట్టి, సొంత డబ్బుతో జీతాలిచ్చి, తాళపత్ర ప్రతులను పోల్చి పాఠాలు పరిష్కరింపజేశాడు. జూలూరి అప్పయ్య వంటి వారు అక్కడ పనిచేశారు. మన ప్రాంతంలో వృత్తి సంపాదకులు ఒక కప్పు కింద చేరడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు. ఆ పండితులను రమ్మనడానికి తేదీ, వారం, వేదిక, వందన సమర్పణ అంటూ కరపత్రం వేయాల్సిన పని పడి ఉండదు. జీతం ఉన్నచోట ప్రకటన నిరర్థకం. ఈ ఒక్క అపవాదాన్ని కార్యవర్గాలు పరిశీలించవచ్చు గానీ పరిశీలించవు.

ఇక సభ ఉందా లేదా అనే ప్రశ్న. న్యాయశాస్త్రంలో లేకపోవడం నాలుగు రకాలు, నాలుగూ మన కాగితంలోనే ఉన్నాయి. ‘రాబోయే కార్యక్రమం’ ప్రాగభావం, దానికి మొదలు లేదు, అంతం మాత్రం ఉంది. ‘త్వరలో శిక్షణ శిబిరం’ వంటి వాటికి అంతం కూడా ఉన్నట్టు లేదు, తార్కికులు మళ్లీ చూసుకోవాలి. అయిపోయిన సభ ప్రధ్వంసాభావం, దానికి మొదలుంది, అంతం లేదు. అందుకే దాని ఫొటోలు ఇంకా వస్తూనే ఉంటాయి. ప్రకటనలో ఉన్న ముఖ్య అతిథి, వేదిక మీద కూర్చున్న ముఖ్య అతిథి: వీరిద్దరిదీ అన్యోన్యాభావం. భూత భవిష్యద్వర్తమానాల్లో ఎప్పుడూ లేనిది అత్యంతాభావం. భోజనం ఆ కోవలోది.

చివరి పూర్వపక్షం ఒకటి మిగిలింది. ఎలాగూ తప్పు తప్పదు కనుక, కావాలనే కంటికి కొట్టొచ్చేటట్టు ఒక్క తప్పు పెడితే, అందరూ దాన్నే పట్టుకుని తృప్తిపడి మిగతాది వదిలేస్తారు కదా అని ఒక నిర్వాహకుడు వాదించాడు. వాదించి ఊరుకోక ప్రయోగం చేశాడు. ‘మధ్యాహ్నం 12 గంటలకు’ అని రాయాల్సిన చోట ‘మధ్యాన్నం 12 గంటలకు’ అని పెట్టి పంపాడు. గ్రూపు సభ్యులు సాయంత్రానికల్లా తప్పులు తేల్చారు: కార్యదర్శి ఇంటిపేరు తర్వాత అనవసరమైన చుక్క, ‘నిర్వహిస్తున్నారు’లో కర్త లోపం, ఫోన్ నంబరులో ఒక అంకె తక్కువ. అతను పెట్టిన తప్పును ఎవరూ ముట్టుకోలేదు. ఉండబట్టలేక అతనే దాన్ని చూపించాడు. వెంటనే ఒక పెద్దాయన, గిడుగువారు ఇంత పోరాడాక కూడా జనం నోట నలిగే మాటను తప్పంటావా నాయనా అని కోప్పడ్డారు. మరొకరు రెండు రూపాలూ చెల్లుతాయన్నారు. వాదం అక్కడ ఆగింది. సభ రోజున మాత్రం హాలు ఆశ్చర్యంగా సగం నిండింది. కుర్చీలు తెప్పించారు. ముఖ్య అతిథి ప్రసంగం ముగిసి, వందన సమర్పణ అయ్యి, టీ కప్పులు తిరుగుతుండగా ముందు వరసలో ఒకాయన నిర్వాహకుణ్ని పక్కకు పిలిచి మెల్లగా అడిగాడు:

‘‘మధ్యాన్నం అని మీరే వేశారు కదండీ. మరి అన్నం ఎక్కడ?’’