‘తక్కినది స్పష్టం’ అను సూత్రమునకు టీకా తాత్పర్యములు

మూలం: “ఎక్స్ ఒక నోథీరియన్ స్కీమ్ అనుకుందాం. తక్కినది స్పష్టం.”

అవతారిక: ఆల్జీబ్రాయిక్ జామెట్రీ సెమినార్‌లో సుద్దముక్క పట్టిన పరిశోధక విద్యార్థి, గడియారం కేసి చూసి, బోర్డుకు చెప్పే మాట ఇది. ‘ఎక్స్’, ‘ఒక’, ‘అనుకుందాం’ సులభములు గనుక వ్యాఖ్యానింపను. ‘నోథీరియన్’ వినగానే తెలిసినా తెలియకున్నా తలలూపడం సభామర్యాద గనుక దాని జోలికీ పోను. ఇక ఆ స్పష్టత ఎవరికి కలిగిందో మూలంలో లేదు. అడిగే ఆచారమూ లేదు.

విశేషం: నంద్యాల కృష్ణరాజుకు కళాపూర్ణోదయం అంకితమిచ్చిన పింగళి సూరన రాఘవపాండవీయం కూడా రాశాడు. పదాలు ఒక తీరుగా విరిస్తే రామాయణం, మరో తీరుగా విరిస్తే భారతం. వేటకు పోయి శాపం మూటగట్టుకున్నవాడు ఒక చదువులో దశరథుడు, ఇంకో చదువులో పాండురాజు. టీకాకారుడు రామార్థం చెప్పి ‘భారతార్థం స్పష్టం’ అని లేచిపోతే పండితులు ఊరుకుంటారా? కడపలో ఇల్లు కొని పండితులను పోషించిన బ్రౌన్ దొర, శ్లేషలు దట్టంగా అల్లిన వసుచరిత్రకు జూలూరి అప్పయ్య చేత పనిగట్టుకుని టీక రాయించాడు. మహాకావ్యమైనా సరే, విప్పి చెప్పేవాడు ఉండాలన్నది ఆ కాలపు లెక్క. సరే, స్కీమ్ ఎక్కడో ఆగిపోయింది. ఎక్స్ వై సమానం సున్న అన్న సమీకరణాన్ని గీస్తే ఒకదాన్నొకటి ఖండించే రెండు గీతలు. రింగులో, అంటే కూడిక గుణకారాల బీజగణితంలో చదివితే, సున్న కాని రెండు మూలకాల లబ్ధం సున్న. ఈ రెండూ ఒకే సంగతి అనడంలోనే ఈ శాస్త్రం ప్రాణమంతా ఉంది. ఇదీ ద్వ్యర్థి కావ్యమే. మన సెమినార్‌లో మాత్రం రింగు అర్థమే చెబుతారు. బొమ్మ గీయడం నామోషీ. కర్నూలులోనో కడపలోనో ఎమ్మెస్సీ చేసి వచ్చి వెనక బెంచీలో కూర్చున్న అమ్మాయికి ఆ రెండు గీతలు చూపిస్తే దారి దొరికేది. ‘స్పష్టం’ అనేసరికి తనొక్కతికే అర్థం కాలేదనుకుని నోరు మూసుకుంటుంది. పక్కవాడికీ కాలేదు. చెప్పేవాడికీ అంతంతమాత్రమే.

పూర్వపక్షం: గంటలో అన్నీ చెప్పలేం, ఈ స్థాయికి వచ్చినవారు తామే చదువుకోవాలి. సమాధానం: గంట చాలదు గనుకనే నాలుగు సిద్ధాంతాలు మాని ఒకటి చెప్పాలి. స్కీములను ప్రతిష్ఠించిన గ్రోతెండీక్, డ్యుడోనేతో కలిసి 1960 నుంచి 1967 దాకా ఎనిమిది భాగాల్లో ఈ శాస్త్రాన్ని పునాది నుంచి రాసుకుంటూ వచ్చాడు. ఆయనకు స్పష్టం కాకనా? 1967-68లో మంఫర్డ్ ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌లో అబీలియన్ వెరైటీల మీద పాఠాలు చెబితే, సి.పి. రామానుజం నోట్సు రాశారు. 1970లో అది పుస్తకమైంది. ‘తామే చదువుకోవాలి’ అనేవారు ఇది గమనించాలి: అక్కడ మూలకారుడి ఎదుటే టీకాకారుడు కూర్చున్నాడు.

తాత్పర్యం: ఒక్క ఉదాహరణైనా చేతిలో లేనివాడు బోర్డు దగ్గరికి పోరాదు. ఈసారి ‘స్పష్టం’ అని వినబడితే, వెనక బెంచీలోని చెల్లెలా, “ఎట్లన్నా?” అని గట్టిగా అడుగు.